పిళ్ళైచావడిలో ఒక లేజరు గొట్టం

మన ఇళ్ళలో గ్యాసు అయిపోయిందంటే సిలిండరు మార్చడమే తప్ప మరొక ఆలోచన అక్కరలేదు. అయాన్ లేజరు గొట్టం సంగతి అటువంటిది కాదు. అందులో గ్యాసు తగ్గినా ముప్పే, పెరిగినా ముప్పే. పైగా ఒకసారి లోపలికి వదిలిన గ్యాసును తిరిగి తోడివేసే మార్గం వాడుకరి చేతిలో ఉండదు.

పుదుచ్చేరికి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఊరు పిళ్ళైచావడి. 1984లో నెలకొన్న పాండిచ్చేరి ఇంజనీరింగ్ కళాశాల అక్కడే ఉన్నది. 2020లో అది పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయమైనది. యానాం నుండి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి 1988లో మేము ఆ కళాశాలలో చేరాము. ఉద్యోగం మమ్ములను ఎక్కడెక్కడికో తిప్పినా, వీలు చిక్కినప్పుడల్లా ఆ తీరానికి వెళ్ళివస్తూనే ఉన్నాము.

అట్లా వెళ్ళిన ఒక పర్యాయం, ఆ చుట్టుపక్కల ఒక ప్రయోగశాలను చూసుకుంటున్న మిత్రుడు కబురు పంపాడు. వారి ఆర్గాన్ అయాన్ లేజరు వెలగడం మానివేసింది. దానిపై ఆధారపడి పరిశోధన సాగిస్తున్న విద్యార్థి మా యానాం అబ్బాయే. సిద్ధాంత వ్యాసం సమర్పించడానికి ఇంకా ఆరు నమూనాల కొలతలు మిగిలి ఉన్నాయి. కొత్త గొట్టం కొనడానికి నిధులు లేవు, గడువు దగ్గరపడుతున్నది.

ఈ లేజరును 1964లో అమెరికాలోని హ్యూస్ పరిశోధనశాలలో విలియం బ్రిడ్జెస్ కనుగొన్నారు. 488 నానోమీటర్ల నీలి కాంతి, 514.5 నానోమీటర్ల పచ్చని కాంతి దీని ప్రత్యేకత. 1928లో సర్ సి.వి. రామన్ సూర్యకాంతితోను, పాదరస దీపంతోను పరిశీలించిన కాంతి పరిక్షేపణను తరువాతి తరాలు ఈ పచ్చని కిరణంతో సులువుగా కొలవగలిగాయి. నేడు ఘనస్థితి లేజర్లు దీని స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. విద్యుత్తును ఇంత విపరీతంగా మింగి ఇంత కొంచెం వెలుగునిచ్చే యంత్రం వెనుకబడడంలో మాకు ఆశ్చర్యం లేదు. పెద్ద గొట్టానికి నాలుగైదు వందల వోల్టుల వద్ద నలభై ఆంపియర్లు పంపితే వచ్చే కాంతి కొద్ది వాట్లు మాత్రమే. మిగిలినదంతా వేడి; దానిని మోసుకుపోవడానికి నీరు నిరంతరం ప్రవహించాలి.

గొట్టంలోని ఆర్గాన్ పీడనం వాతావరణ పీడనంలో వెయ్యోవంతుకు అటూఇటూగా ఉంటుంది. ఎక్కడా చిల్లు లేకపోయినా అది క్రమంగా తగ్గుతుంది. విద్యుత్ప్రవాహంలో పరుగులెత్తే అయాన్లు గోడలను ఢీకొని లోపలికి చొచ్చుకుపోతాయి. ఆ తాకిడికి లేచిన లోహపు అణువులు వాటిపైనే పూతగా పేరుకొని వాటిని పూడ్చివేస్తాయి. పీడనం తగ్గినకొద్దీ తాకిడి తీవ్రమై, గొట్టం తన్ను తానే తినివేసుకుంటుంది. అందుకే పెద్ద గొట్టాలకు పక్కనే స్వచ్ఛమైన ఆర్గాన్ నింపిన చిన్న తొట్టి, రెండు సొలినాయిడ్ వాల్వులు అమర్చి ఉంటాయి. గోదావరి కాలువలపై లాకులు చూసినవారికి ఈ ఏర్పాటు ఇట్టే బోధపడుతుంది. మొదటి తలుపు తెరిస్తే పడవ మధ్య గదిలోకి వస్తుంది. అది మూసిన తరువాతనే రెండవ తలుపు. అట్లే రెండు వాల్వుల నడుమ చిక్కిన చిటికెడు గ్యాసే ఒక మోతాదు.

మేము వెళ్ళేసరికి ఆ అబ్బాయి చెయ్యి మీట మీదనే ఉన్నది.

"గ్యాసు అయిపోయిందండి. ఓ పది మోతాదులు ఎక్కించేద్దామండి," అన్నాడు.

"గొట్టం వెలగనిదే లోపల పీడనం ఎంతో నీకెట్లా తెలుస్తుంది, బాబూ?" అని అడిగాము.

వెలగకపోవడానికి కారణాలు అనేకం. పీడనం సరిగానే ఉండి, మనం గుడ్డిగా పది మోతాదులు వదిలితే గొట్టం అసలే అంటుకోదు. అధికంగా చేరిన గ్యాసును తగ్గించే ఉపాయం గొట్టాన్ని గంటల తరబడి నడిపి గోడలలో పూడ్చడం ఒక్కటే. అంటుకోని గొట్టాన్ని నడిపేదెట్లా? అబ్బాయి మీట మీది నుండి చెయ్యి తీశాడు.

సరఫరా ఆపి, మెయిన్ స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి మా జేబులో వేసుకున్నాము. ఇటువంటి సరఫరా పెట్టెలు చాలావాటిలో విడదీసే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. మెయిన్స్ విద్యుత్తు నేరుగా ఏకముఖమై గొట్టానికి చేరుతుంది. స్విచ్చి తీసినా కెపాసిటర్లలో ప్రాణం తీయగల ఆవేశం నిలిచి ఉంటుంది. కొంతసేపు ఆగి, ఎర్తింగ్ కర్రతో దానిని దింపి, మీటరుతో సరిచూచిన పిమ్మటనే మూత విప్పాము. గొట్టం జోలికి మాత్రం పోలేదు. కొన్ని గొట్టాల లోపలి పింగాణీ బెరీలియం ఆక్సైడుతో చేసినది. పగిలితే దాని ధూళి ఊపిరితిత్తులకు విషం.

దోషం చివరకు ఫిలమెంటు తీగల కనెక్టరులో దొరికింది. సముద్రపు గాలికి అది పచ్చగా చిలుము పట్టి ఉన్నది. కాథోడు తగినంత వేడెక్కనిదే గొట్టం ఎట్లా వెలుగుతుంది! దానిని శుభ్రపరచి, నీటి ప్రవాహం చూసుకొని, కళ్ళద్దాలు ధరించి, కిరణ మార్గాన్ని మూసి మీట వేశాము. రెండవ ప్రయత్నానికి అంటుకొన్నది.

గ్యాసు లెక్క అప్పుడు మొదలైంది. తయారీదారు ఇచ్చిన పరీక్షా పత్రంలో ఏ కరెంటుకు, ఏ అయస్కాంత స్థితికి ఎన్ని వోల్టులు ఉండాలో వ్రాసి ఉంటుంది. పీడనం తగ్గితే ఆ వోల్టేజి తగ్గుతుంది. అరగంట నడిపి, గొట్టం వేడి నిలకడకు వచ్చాక ప్యానెల్ మీటరు చూశాము. అంకె నిజంగానే కొంత దిగువన ఉన్నది. అబ్బాయి అనుమానం పూర్తిగా తప్పు కాదని అతనితోనే అన్నాము. ఒక్క మోతాదు వదిలి పది నిమిషాలు వేచి ఉన్నాము. ముల్లు కదిలీ కదలనట్లు కదిలింది. మరొకటి వదిలి, మళ్ళీ పది నిమిషాలు. పత్రంలోని అంకెకు ఇంకా కొద్ది దూరం ఉండగానే ఆపివేశాము.

"ఇంకొక్కటి వేస్తే సరిగ్గా సరిపోతుంది కదండి?"

"చాలదనిపిస్తే రేపు వేసుకోవచ్చు. ఎక్కువైతే రేపు తీయలేము."

తేదీ, కరెంటు, వోల్టులు, మోతాదుల సంఖ్య రిజిస్టరులో అబ్బాయి చేతనే వ్రాయించాము. చీకటి పడి మేము ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సు కోసం బయలుదేరేసరికి, ఆరింటిలో రెండవ నమూనా మీద పచ్చని కిరణం నిలిచి ఉన్నది.