చేతికి తెలిసింది నోటికి రావాలె

బాలానగర్ షెడ్లలో లేత్ మీద పనిచేసేవాళ్లను పని ఎవరు నేర్పారని అడగండి. ఎక్కువమంది "చూసి నేర్చుకున్న సార్" అంటారు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఈ పేటలోనే ఉన్నా, చిన్న షెడ్డుకు మేస్త్రీయే బడి. అలాంటి మేస్త్రీలకు నేర్పడం ఎలాగో నేర్పుతున్నారంటే చూద్దామని ఒక షాపుకు వెళ్లాను.

శిక్షకుడు మిషన్ల జోలికి పోలేదు. జంట కరెంటు వైరు తీసి, బల్బు హోల్డర్ లోపల వేసే ముడి ఎలా వేయాలో నోటితో చెప్పాడు. ఒక సీనియర్ టర్నర్‌ను వేయమంటే రాలేదు. ఈసారి శిక్షకుడు మాట్లాడకుండా చకచకా వేసి చూపించాడు. అయినా రాలేదు. మూడోసారి ఒక్కో మెలిక దగ్గర ఆగి, వైరు ఎటు తిప్పాలో, ఎందుకో చెబుతూ వేశాడు. వైరు లాగితే ఆ బరువు స్క్రూల మీద కాక ముడి మీద పడాలట. ఇప్పుడు ముడి కుదిరింది. అందరూ నవ్వారు గానీ, కుర్రాళ్లకు వాళ్లు రోజూ నేర్పేది మొదటి రెండు పద్ధతుల్లోనే.

ఈ ముడి పాఠం అమెరికాది. 1940లో అక్కడ మొదలైన 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ'లో యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీల సూపర్‌వైజర్లకు పది గంటల్లో నేర్పడం నేర్పేవారు. కుర్రాణ్ణి పనికి సిద్ధం చేయడం, చూపించడం, చేయించడం, తర్వాత ఓ కన్నేసి ఉంచడం: ఇవీ నాలుగు మెట్లు. యుద్ధం ముగిశాక అది జపాన్ చేరి టయోటాలో స్థిరపడింది.

మధ్యాహ్నం అందరూ లేత్ దగ్గరికొచ్చారు. శిక్షకుడు ఒక పెద్దాయనను అడిగాడు.

"షాఫ్టు సైజు ఎప్పుడు చూస్తవన్నా?"

"సల్లారినంక."

"ఎందుకు?"

"ఎందుకేంది, అది చేతికి తెలుస్తది."

"మరి ఈ పిల్లగాని చేతికెట్ల తెలవాలె?"

పెద్దాయన మైక్రోమీటర్‌ను అటూ ఇటూ తిప్పాడు. "వేడి మీద సైజు సరిగ్గనే కనబడ్తది. సల్లారితే తగ్గుతది, జాబ్ రిజెక్ట్." నిజమే. 50 మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్టు 40 డిగ్రీలు చల్లారితే దాదాపు 0.02 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆ మాట ఆయన ఇంతకుముందు ఏ హెల్పర్‌కూ చెప్పలేదట. దాచుకోవాలని కాదు, చెప్పాల్సిన సంగతని తోచకనే. పనితనం ముదిరేకొద్దీ ఇలాంటివి మరుగున పడతాయి.

వచ్చిన చిక్కల్లా టార్గెట్‌తోనే. పక్కన కుర్రాణ్ణి పెట్టుకుని నేర్పితే ఆ షిఫ్టులో పీసులు తగ్గుతాయి, మేస్త్రీ మాట పడాల్సి వస్తుంది. షెడ్ల యజమానులకు నా మనవి ఒకటే: మీ మేస్త్రీలను ఈ శిక్షణకు పంపండి, వాళ్లు నేర్పే రోజుల్లో మాత్రం టార్గెట్ తగ్గించండి.