ఖరగ్‌పూరులో ఆకాశపు సద్ది

విశాఖ నుండి హౌరా వైపు ప్రయాణించే మన ఉద్యోగ కుటుంబాలకు ఖరగ్‌పూరు కొత్త ఊరు కాదు. 1,072.5 మీటర్ల పొడవున్న అక్కడి ప్లాట్‌ఫారం ఒకనాడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. అయినా ఆ ప్లాట్‌ఫారం మీద దిగిన తెలుగువానికి పరాయి ఊరికి వచ్చినట్లుండదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్కుషాపులో పనికై శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి తరలివెళ్ళిన కుటుంబాల సంతతి నేటికీ ఆ రైల్వే కాలనీలలో మన భాషే మాట్లాడుకుంటున్నది.

శిక్షణ నిమిత్తం మేము నలుగురము ఒక వారం పాటు అక్కడ ఉండవలసి వచ్చింది. ఆదివారం నాడు విశ్రాంత రైల్వే ఉద్యోగి ఒకరు మమ్మల్ని భోజనానికి పిలిచారు. గూట్లో మసిబారిన ఇత్తడి టిఫిన్ క్యారియరు ఒకటి కనిపించింది. అది ఆయన తండ్రిగారిదట. వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసిన ఆ పెద్దాయన ప్రతిదినం అందులోనే అన్నం పట్టుకువెళ్ళేవారు. యుద్ధకాలంలో పెద్ద విమానాలు ఇంటి మీదుగా పోతుంటే అటక మీది గిన్నెలు గలగలలాడేవట. అప్పుడు ఆయన తలెత్తి చూచి, “పొద్దస్తమానం పైనే ఉంటారు గదా, వీళ్ళకు అన్నం ఎవరు పెడతారురా?” అని కొడుకుని అడిగేవారట. ఆ ప్రశ్న మమ్మల్ని వెన్నాడింది.

ఆ విమానాలు అమెరికా వారి బి-29లు. 1944 ఏప్రిల్ 2న మొదటిది చాకులియాలో దిగింది. సలువా, దూధ్‌కుండి, పియర్‌డోబా తక్కిన స్థావరాలు. వీటన్నిటినీ నడిపించిన 20వ బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం ఖరగ్‌పూరు పక్కనున్న హిజ్లీలో ఉండేది. స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన భవనం అక్కడే ఉన్నది. 1931 సెప్టెంబరు 16న ఆ నిర్బంధితులపై జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అసువులు బాశారు. తరువాత 1951లో మన దేశపు తొలి ఐ.ఐ.టి. ఆ భవనంలోనే మొదలైంది. నేడది మ్యూజియం.

బి-29 పూర్తి భారంతో సుమారు 60 టన్నులు తూగేది. ఒక్కొక్కటి 2,200 అశ్వశక్తి గల నాలుగు ఇంజన్లు, పదకొండుమంది సిబ్బంది. ముందు గదికీ వెనుక గదికీ నడుమ బాంబుల అర. దాని మీదుగా ముప్పై అడుగులకు పైబడిన గొట్టం వంటి సొరంగం. ఒక గదిలోనివారు రెండవ గదికి చేరాలంటే అందులో పాకుతూ పోవలసిందే. తోకలోని గన్నరుది మరో ఒంటరి గది. విమానంలో గాలి ఒత్తిడి నిలిపి ఉంచినంతసేపూ అతడు బయటకు రాలేడు. మరుగుదొడ్డి వెనుక భాగంలో మాత్రమే ఉండేది.

ఇక ఆహారం. పొయ్యి లేదు, వంట లేదు. సాండ్‌విచ్‌లు, థర్మాస్ ఫ్లాస్కులలో కాఫీ, పండ్ల రసం డబ్బాలు. కాకుంటే బిస్కెట్లు, డబ్బా మాంసం, కాఫీ పొడి ఉండే సైనిక రేషన్ పెట్టెలు. 1944 ఆగస్టు 10న సింహళంలోని ట్రింకోమలీ దగ్గర నుండి సుమత్రాలోని పాలెంబాంగ్ నూనె శుద్ధి కర్మాగారం మీదకు వెళ్ళి వచ్చిన దూరం దాదాపు 3,900 మైళ్ళు. పట్టిన కాలం పద్దెనిమిది గంటలకు పైమాటే. అంటే పూటపూటా ఆ చల్లారిన తిండే.

ఏది తినాలో నిర్ణయించడంలో భౌతికశాస్త్రానికీ పాత్ర ఉన్నది. 18 వేల అడుగుల ఎత్తున వాయుపీడనం నేల మీది పీడనంలో సగమే. విమానంలోని ఒత్తిడిని విడిచిపెడితే, కడుపులోని వాయువు రెట్టింపు చోటును ఆక్రమిస్తుంది. చిక్కుళ్ళు, క్యాబేజీ వంటివి బయలుదేరే ముందు తినరాదన్న నియమం అందుకే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ప్రయాణానికి ముందు పప్పు వద్దనడానికి ఇంతకంటె శాస్త్రీయమైన సమర్థన మాకు దొరకలేదు!

నేల మీది బ్రతుకూ సులభం కాదు. ఎండకు కాలిన లోహం మీద చేయి పెట్టలేక మెకానిక్కులు చల్లని వేళలలో పని చేసుకునేవారు. ఇంజన్లు వేడెక్కి మంటలంటుకోవడం ఆ విమానానికి తీరని రోగం. కానీ, ఈ రన్‌వేలకు రాళ్ళు కొట్టిన వేలాది కూలీల కడుపుల సంగతేమిటి? మేదినీపూర్ జిల్లాను 1942 అక్టోబరులో తుఫాను ముంచింది. మరుసటి ఏడు వంగదేశాన్ని కరువు కబళించింది. ఆ కరువు బలిగొన్నవారు సుమారు ముప్పై లక్షలని అంచనా. గంజికై మనుషులు ఒరిగిపోయిన నేలమీదనే, ఏడాది తిరగకుండా, ఆ విమానాలకు సాండ్‌విచ్‌లు మూటగట్టారు.

ఆ విమానాల తొలి దాడి 1944 జూన్ 5న జరిగింది. 98 విమానాలు బయలుదేరాయి. లక్ష్యం బాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే కేంద్రం. రైల్వే వర్కుషాపు ఊరి నుండి లేచి మరొక రైల్వే ఊరి మీద పడ్డాయన్నమాట. జూన్ 15 రాత్రి చైనా స్థావరాల మీదుగా జపాన్‌లోని యవాతా ఉక్కు కర్మాగారంపైకి వెళ్ళాయి. గురి పెట్టినది అక్కడి కోక్ ఓవెన్లకు. వాటికి చెప్పుకోదగిన నష్టం కలగలేదని చదివి, ఎవరి పక్షాన ఉన్నామో మరచి, మేము ఊపిరి పీల్చుకున్నాము. కోక్ ఓవెన్ బ్యాటరీని ఏ రాత్రీ చల్లార్చరు. మా విభాగంలో రాత్రి షిఫ్టు చేసిన ప్రతివారికీ అది తెలుసు. ఆ రాత్రి యవాతాలోనూ ఎవరో ఒకరు ఓవెన్ల ప్రక్కన కూర్చుని ఇంటి నుండి తెచ్చుకున్న అన్నం మూత తీసి ఉంటారు.

పెద్దాయన ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఇదే. పైవాడికి అన్నం పెట్టినదీ క్రిందివాడే. క్రింద ఉన్నవాడి అన్నం మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

1945 తొలి మాసాలలో ఆ విమానాలు పసిఫిక్‌లోని మేరియానా దీవులకు తరలిపోయాయి. సలువా నేడు ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ వారి నెలవు. కలైకుండ స్థావరంలో మన వాయుసేన విమానాలు ఎగురుతున్నాయి.

మేము బయలుదేరే రోజున ఆ ఇంటి అమ్మగారు నలుగురికీ పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చారు. బండి బాలాసోరు దాటాక విప్పాము. ఇంకా వెచ్చగానే ఉన్నది.