హాప్స్ పండే జాటెట్స్

చెక్ రిపబ్లిక్‌లో ప్రాగ్‌కు వాయవ్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన, ఓహ్రే నది పక్కన గుట్ట మీద ఉన్న పాత పట్టణం జాటెట్స్. బీరు కాచేవాళ్లకు దాని జర్మన్ పేరు సాజ్ బాగా తెలుసు. ఇక్కడి హాప్స్ ఆ పేరుతోనే ప్రపంచమంతా అమ్ముడవుతాయి.

హాప్స్ గంజాయి కుటుంబానికి చెందిన తీగ. ఆడ తీగకు కాసే, పొలుసులు పేర్చినట్టుండే పచ్చని గుత్తులే సరుకు. గుత్తిని నిలువునా చీలిస్తే పొలుసుల మొదట్లో జిగురుగా పసుపుపచ్చని పొడి కనిపిస్తుంది. చేదూ వాసనా దానిలోనివే. బార్లీ రసంలో బాగా మరిగితే చేదు దిగుతుంది, అదే మరుగులో సువాసన నూనెలు ఆవిరైపోతాయి. అందుకని చేదు కోసం మొదట్లో, వాసన కోసం చివర్లో వేస్తారు. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు సాజ్‌లో 3, 4 శాతమే. కొత్త చేదు రకాల్లో 15 శాతానికి పైగా కూడా ఉంటాయి. చేదు లెక్కన చూస్తే ఇది గిట్టుబాటు కాని సరుకే. గిరాకీ అంతా వాసనకు. 1842లో ప్లజెన్‌లో జోసెఫ్ గ్రోల్ కాచిన బంగారు రంగు లాగర్ బీరులో పడినవి ఈ హాప్సే.

పడమటి వానలను క్రుష్నే హోరి కొండలు అడ్డుకోవడంతో ఇక్కడ ఏడాది వర్షపాతం 450 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. తోటల్లో ఏడు మీటర్ల స్తంభాల మీద ఇనుప తీగల పందిరి వేస్తారు. వసంతంలో రెండు మూడు పిలకలను ఉంచి మిగతావి తుంచేస్తారు. ఉంచిన వాటిని, మన తమలపాకు తోటల్లోలాగే, చేత్తో పైకి పాకిస్తారు. గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి, ఎదురు చుడితే తీగ నిలవదు. గట్ల మీద మొలిచే అడవి మగ తీగలను పీకేస్తారు. పుప్పొడి తగిలితే గింజ కట్టి సరుకు నాణ్యత తగ్గుతుంది మరి. ఆగస్టు చివర్లో తీగ మొత్తాన్ని కోసి దించుతారు. కమ్యూనిస్టు కాలంలో ఈ కోతలకు విద్యార్థులను పంపేవారు. 1964లో వారి మీద ఒక సంగీత చిత్రం కూడా వచ్చింది.

కోసిన గుత్తులను వెంటనే ఆరబెట్టాలి. పట్టణంలో ఎత్తయిన పొగగొట్టాలు ఆ తర్వాతి పనికి గుర్తు. దూర ప్రయాణంలో బూజు పట్టకుండా గుత్తులకు గంధకం పొగ వేసిన గిడ్డంగులవి. ఈ వ్యాపారంలో ఒకప్పుడు జర్మన్, యూదు వర్తకులది పెద్ద వాటా. యుద్ధకాలం యూదులను తుడిచిపెట్టింది, 1945 తర్వాత జర్మన్లను వెళ్లగొట్టారు. వారు కట్టిన గిడ్డంగులు, చుట్టుపక్కల తోటలు 2023లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి.

హాప్స్ పరిశోధకుడు కరెల్ ఓస్వాల్డ్ ఎంచిన పాత క్లోన్లే ఇప్పటికీ తోటల్లో ఎక్కువ. వేసవి ఎండలు ముదిరితే వీటి దిగుబడి, ఆల్ఫా ఆమ్లాలు రెండూ పడిపోతాయి. పట్టణంలోని హాప్స్ పరిశోధన సంస్థ కొత్త రకాలు తెచ్చింది, కొన్ని తోటలకు నీటి పైపులు వచ్చాయి. సాజ్ వాసనకు అలవాటుపడిన బీరు కంపెనీలు మాత్రం పాత రకాన్నే అడుగుతున్నాయి.