సగటు ఇల్లాలి చిరునామా

పత్రిక తెరిస్తే చాలు, "సగటు ఇల్లాలు" ఎదురవుతుంది. ఆవిడ రోజుకి ఇన్ని గంటలు టీవీ చూస్తుందిట, ఇంతసేపు నిద్రపోతుందిట, ఇన్నిసార్లు విసుక్కుంటుందిట. నాకు యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళలో ఒక్క పేరంటంలోగానీ, ఒక్క రైతుబజారులోగానీ ఆవిడ నాకు తారసపడలేదు సుమండీ!

పిల్లలు రెక్కలొచ్చి వెళ్ళిపోయాక నేను ఇంట్లో కూచునే సైకాలజీలో ఎం.ఏ. కట్టాను. "ఈ వయసులో నీకెందుకే?" అన్నవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించాను. ఆ చదువులో నాకు తెలిసిన గొప్ప రహస్యం ఒకటుంది. పరిశోధకులు ఏ ఫలితం చెప్పినా రెండంకెలు పక్కపక్కన వేస్తారు. మొదటిది సగటు. రెండోది బ్రాకెట్లో, సిగ్గుపడుతున్నట్టు ఉంటుంది. దాన్ని ప్రామాణిక విచలనం అంటారు, ఇంగ్లీషులో స్టాండర్డ్ డీవియేషన్. ఆ పేరుని 1894లో అచ్చుకెక్కించినవాడు కార్ల్ పియర్సన్. పత్రికలవాళ్ళు మొదటి అంకెను పట్టుకుని, రెండోదాన్ని కరివేపాకులా తీసి పారేస్తారు. అసలు కథంతా దాంట్లోనే ఉంటుంది మరి!

మా వీధిలో పాల ప్యాకెట్లు వేసే పాత అబ్బాయి సరిగ్గా ఆరింటికి వచ్చేవాడు. కొత్తవాడు ఒకరోజు అయిదింటికి, మర్నాడు ఏడింటికి వస్తాడు. ఇద్దరి సగటూ ఆరే. అయితే మా ఇంట్లో కాఫీ ఎప్పుడో అడగండి! పాతవాడి విచలనం సున్న, కొత్తవాడిది గంట. లెక్క కట్టడం కూడా బ్రహ్మవిద్యేం కాదు. గంట ముందూ, గంట వెనకా కలిపితే ఒకదాన్నొకటి మింగేసి సున్న అవుతుంది. అందుకని ఒక్కో తేడానీ దానితోనే హెచ్చవేసి, సగటు తీసి, వర్గమూలం కడతారు. పప్పు రుబ్బినట్టే, కష్టం చేతికేగాని బుర్రకి కాదు.

మాటవరసకి పది ఇళ్ళు తీసుకోండి. ఎనిమిది ఇళ్ళల్లో మగవారు పొయ్యి దగ్గరికే రారు. తక్కిన రెండిళ్ళల్లో వారానికి పదేసిసార్లు వండుతారు. సగటు ఎంత? 2. "మగవారు వారానికి రెండుసార్లు వంట చేస్తున్నారు" అని హెడ్డింగు పెట్టెయ్యొచ్చు. వారానికి రెండుసార్లు వండేవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు! బ్రాకెట్లో చూస్తే విచలనం 4 అని ఉంటుంది. సున్నకంటే తక్కువ ఉండని లెక్కలో, విచలనం సగటునే మించిపోయిందంటే ఎక్కడో ఇద్దరు మోస్తున్నారనీ, చాలామంది ఖాళీగా కూచున్నారనీ అనుమానించాలి. మన ఉమ్మడి కుటుంబాల సంగతి మనకి తెలియంది కాదులెండి.

ఇదంతా సరదాగా చెప్పుకోవచ్చు. కానీ మొన్న మా మరిది ఫోను పట్టుకుని వచ్చినప్పుడు నాకు సరదా కాలేదు. ఏదో పరిశోధనలో లెక్కల్లో అబ్బాయిల సగటు అమ్మాయిల సగటుకన్నా ఎక్కువని తేలిందిట. "చూశావా వదినా, దీన్ని ఎం.పి.సి.లో పడేసి ఏం లాభం? సి.ఇ.సి. చాలు," అన్నాడు. "దీన్ని" అంటే వాళ్ళమ్మాయి. గుమ్మంలోనే నిలబడి వింటోంది. ఇంటర్మీడియెట్ ఫారానికి గడువు ఇంకా నాలుగు రోజులే.

ఫోను తీసుకుని చూశాను. రెండు సగటులూ ఉన్నాయి. బ్రాకెట్లు లేవు.

"విచలనం చెప్పకుండా తేడా చెబితే, చీర పొడుగు చెప్పకుండా అంచు వెడల్పు చెప్పినట్టయ్యా," అన్నాను. రెండు సగటుల తేడాని విచలనంతో భాగించి చూడమని నేర్పినవాడు జేకబ్ కోహెన్. ఆయన లెక్కన 0.2 వస్తే చిన్న తేడా, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది. ఈ లెక్కల గొడవనే జేనెట్ హైడ్, మరో ఇద్దరు స్త్రీలూ 1990లో తరచి చూశారు. 100 అధ్యయనాలు, 30 లక్షల పైచిలుకు మనుషులు. మొత్తం మీద అబ్బాయిల వైపు వచ్చింది 0.15. విచలనం 10 మార్కులనుకుంటే మార్కున్నర!

కాగితం మీద గుడిగంటల్లాంటి గీతలు రెండు గీశాను. దాదాపు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆ లెక్కన నూరుమంది అమ్మాయిల్లో సుమారు 44 మంది సగటు అబ్బాయికి పైనే ఉంటారు. హైస్కూలు వయసు పిల్లలకి, చిక్కు లెక్కల దగ్గర ఆ అధ్యయనంలోనే తేడా 0.29 దాకా వెళ్ళింది. అదీ చెప్పాను, దాచడమెందుకు? మళ్ళీ 2008లో హైడ్ బృందమే అమెరికాలో 70 లక్షలమంది పిల్లల పరీక్షలు చూస్తే ఏ తరగతిలోనూ 0.06 దాటలేదు.

"అయితే ఎంతోకొంత తేడా ఉందన్నమాటేగా!" అన్నాడు మరిది. ప్లీడరు కావలసినవాడు.

"ఆ సగటు లక్షలమందిది. నీ కూతురు ఒక్కతి. దాని మార్కులెన్ని?"

"ఎనభై ఎనిమిది, పెద్దమ్మా," అంది గుమ్మంలోంచి. "మా క్లాసు సగటు అరవై ఒకటి."

మరిది ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆలోచిస్తానన్నాడు. ఫారం ఇంకా మా బల్లమీదే ఉంది, సంతకం పడలేదు.

వంటింట్లో మా తోటికోడలు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, "నేనూ ఇంటర్లో లెక్కలే తీసుకుంటానన్నానక్కా. మా నాన్న వద్దన్నారు. నాకెవరూ సగటు కూడా చూపించలేదు," అంది. చెయ్యి తుడుచుకుని పెన్సిలు అందుకుంది. "ఆ బ్రాకెట్లో అంకె ఎలా తీస్తారో ఇంకోసారి చెప్పు."