రాత్రి కూడా పళ్లు తోముదాం

మా హాస్టల్లో పొద్దున్నే పళ్లు తోమని వారు లేరు. రాత్రి తోమేవారు మాత్రం తక్కువ. నిజానికి పళ్లకు రాత్రే ఎక్కువ రక్షణ కావాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. పళ్ల సందుల్లో మిగిలిన అన్నాన్ని, తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైనున్న ఎనామిల్‌ను కరిగిస్తుంది. గుంత పడిందంటే అది తిరిగి పూడదు.

చిన్న తరగతుల తమ్ముళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సుమారు 6 ఏళ్లకు పాలపళ్ల వెనుక 4 దవడ పళ్లు వస్తాయి. ఏ పన్నూ ఊడకుండానే వస్తాయి కనుక వాటిని కూడా పాలపళ్లే అనుకుంటారు. కాదు. అవి పోతే మళ్లీ రావు.

ఇటుక పొడి, బొగ్గు పంటిని అరగదీస్తాయి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత వేసుకుని 2 నిమిషాలు మెల్లగా తోమితే చాలు. 3 నెలలకోసారి బ్రష్షు మార్చాలి. ఒకరి బ్రష్షు ఒకరు వాడరాదు. పళ్ల సందుల్లోకి బ్రష్షు పోదు. అందుకు ఫ్లాస్ అనే సన్నని దారం మందుల షాపుల్లో దొరుకుతుంది. పిన్నీసుతో గుచ్చితే చిగుళ్లకు గాయమవుతుంది.

పన్ను నొప్పి వస్తే రాత్రి చదువు సాగదు. ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి వచ్చిన అమ్మకో నాన్నకో ఆ రోజు కూలి పోతుంది. అందుకే మా కాస్మెటిక్ ఛార్జీలలో బ్రష్షుకు, పేస్టుకు ముందే తీసి పెడుతున్నాం. రాత్రి భోజనం కాగానే తమ్ముళ్లను కుళాయిల దగ్గరకు పిలిచి, దవడ పళ్ల దాకా తోమించే పని 10వ తరగతి వాళ్లం మేమే తీసుకున్నాం. మేము వెళ్లాక 9వ తరగతి వారు ఈ అలవాటు తప్పనివ్వకూడదని కోరుకుంటున్నాం.