కరువు సీమలో బోటు లేచే తీరు

అనంతపురం జిల్లా కూడేరు మండలం కొర్రకోడు దాటాక ఎర్రమట్టి చేల నడుమ ఒక్కసారిగా నీళ్లు కనిపిస్తాయి. అది పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, జనం నోట పీఏబీఆర్. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వచ్చి నిలిచేది ఇక్కడే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో మోటారు బోటుకేం పని? 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు జేసీబీ మీద చిక్కుకున్నవాళ్లను వాయుసేన హెలికాప్టర్ ఒడ్డుకు చేర్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో నడిమివంక ఏకంగా అనంతపురం కాలనీల్లోకి వచ్చింది. ఇలాంటప్పుడే రక్షణ బోటు కావాలి.

మేం వెళ్లినప్పుడు చేపలవాళ్ల పుట్టీల పక్కన 16 అడుగుల ఫైబర్ బోటు ఉంది. వెనక 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు మోటారు. ఎక్కినవాళ్లంతా వెనకే సర్దుకున్నారు. థ్రాటిల్ తిప్పగానే ముక్కు ఆకాశానికి లేచింది, ఎదురుగా ఏమీ కనిపించలేదు. ఇంజను అరుస్తోంది గానీ వేగం లేదు.

‘‘ఇద్దరు ముందరికి రాండి సార్, ఎనకాల బరువు శానా ఉంది,’’ అన్నాడు నడిపే కుర్రాడు.

ఇంత పొడవున్న బోటు నీటిని చీల్చుకుంటూ పోయినంతసేపు గంటకు పది కిలోమీటర్ల దగ్గరే తన అల వెనక ఇరుక్కుంటుంది. ఆ అలను ఎక్కి దాటితేనే అడుగుభాగం నీటి మీద జారుతుంది. అదే ప్లేనింగ్. ఇద్దరు ముందుకు జరిగాక ముక్కు దిగింది, బోటు లేచింది. అప్పుడతను థ్రాటిల్ తగ్గించినా వేగం పడిపోలేదు.

మోటారు వంపు సంగతీ ఇంతే. బయల్దేరేటప్పుడు దాన్ని బోటు వైపు లోపలికి వంచితే ముక్కు దిగుతుంది. లేచాక కాస్త బయటికి వదలాలి. ఎక్కువ వదిలితే ముక్కు లేస్తూ పడుతూ గంతులేస్తుంది. పెద్ద మోటార్లకు బటన్ ఉంటుంది. ఈ మోటారుకు మాత్రం ఇంజను ఆపి పిన్నును వేరే రంధ్రంలో పెట్టాలి. బోటు పక్కకు ఒరిగితే పెట్రోలు ట్యాంకు రెండో పక్కకు జరపాలి.

ఈ మెట్టకు ఇంకో చిక్కుంది. అనంతపురం సముద్ర మట్టానికి 330 మీటర్లకు పైన ఉంది; ఆ ఎత్తుకే మామూలు ఇంజను బలం మూడు శాతం దాకా తగ్గుతుంది. పైగా 40 డిగ్రీల ఎండలో గాలి, 15 డిగ్రీలప్పటికంటే దాదాపు ఎనిమిది శాతం పల్చబడుతుంది. తీరంలో లేచిన బోటు అదే బరువుతో ఇక్కడ లేవకపోవచ్చు. పిచ్ (ఒక చుట్టుకు ముందుకు జరిగే దూరం) తక్కువున్న ప్రొపెల్లర్ బిగిస్తే సర్దుకుంటుంది. కొనేటప్పుడు దీన్నెవరూ అడగకపోవడమే విడ్డూరం.

ఖాళీ బోటును తిప్పి చూపించడం పరీక్ష కాదు. వానాకాలానికి ముందే ఇసుక బస్తాలతో నిండు బరువు వేసి, లైఫ్ జాకెట్లు తొడిగి, జిల్లాలోని ప్రతి రక్షణ బోటునూ పీఏబీఆర్ నీళ్లలో నడిపించి చూడాలని అధికారులకు మా మనవి.