రాత్రి ఎనిమిదింటి కూలి

చీకటి పడ్డాక బందరులోనో గుడివాడలోనో కర్రీ పాయింట్ ముందు నిలబడినవాళ్లు అన్నం అడగరు. అన్నం ఇంట్లో కుక్కర్లో ఉంటుంది. వాళ్లకు కావలసింది ఓ కూర, ఓ పప్పు, కుదిరితే సాంబారు ప్యాకెట్. ఈ అలవాటును పెద్దవాళ్లు బద్ధకమంటారు, పొదుపు పాఠాలు చెప్పేవాళ్లు దుబారా అంటారు. నా లెక్కలో రెండూ తప్పే. ఆ నిలబడ్డవాళ్లు తెలిసో తెలియకో మంచి బేరమే చేస్తున్నారు. చవకైనది ఇంట్లో పెట్టుకుని, ప్రియమైనది బయట కొంటున్నారు. అన్నానికి మనిషి పొయ్యి దగ్గర కాపలా ఉండక్కర్లేదు. కూరకు తరగాలి, పోపు వెయ్యాలి, అడుగంటకుండా కలపాలి, ఆపైన గిన్నెలు కడగాలి. పని రోజుల్లో ఇంటి భోజనం ఖరీదు సరుకుల్లో కన్నా, ఒళ్లు అలిసిపోయాక రాత్రి ఎనిమిదింటికి నిలబడి చేసే ఆ చాకిరీలోనే ఎక్కువగా ఉంది. తిండి ఖర్చు తగ్గించుకోవాలంటే కిరాణా చీటీని కాదు, ఆ గంటను సరిచేసుకోవాలన్నది నా వాదన.

దేశవ్యాప్తంగా జరిగిన 2022-23 కుటుంబ వినియోగ వ్యయ సర్వే కూడా ఇటువైపే చూపిస్తోంది. 1999-2000లో పల్లె కుటుంబం పెట్టే ప్రతి వంద రూపాయల్లో 22 రూపాయలు బియ్యం, గోధుమ లాంటి ధాన్యాలకే పోయేవి. ఇప్పుడవి అయిదు లోపే. తిండి పద్దుల్లో అన్నిటికన్నా పెద్దదిగా తేలింది పానీయాలు, చిరుతిళ్లు, వండిన తిండి, ప్యాకెట్ తిండి కలిసిన పద్దు. మొత్తం ఖర్చులో దాని వాటా పల్లెల్లో 9.62 శాతం, పట్టణాల్లో 10.64 శాతం. అందులో టీ, బిస్కెట్లూ ఉన్నాయి కాబట్టి అదంతా హోటల్ భోజనమే అనుకోకూడదు. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మనిషికి సగటు నెల ఖర్చు 6,782 రూపాయలు. దేశం వాటానే ఇక్కడికీ అన్వయిస్తే, నలుగురున్న ఇంట్లో ఆ పద్దు నెలకు దాదాపు 2,900. బియ్యం బస్తా ధర మీద అంత బేరమాడే మనం ఈ మొత్తాన్ని విడిగా రాసుకోనైనా రాసుకోం.

గింజ నుంచి వండిన తిండి వైపు మళ్లిన ఈ మార్పు రెండు చివరలనూ గుడివాడ చూసింది. 1983లో ఎన్.టి. రామారావు తిరుపతితో పాటు ఇక్కడ కూడా గెలిచారు. ఆయన పుట్టిన నిమ్మకూరు ఇక్కడికి దగ్గరే. ఆ ఏడాది వచ్చిన కిలో రెండు రూపాయల పథకం ఇచ్చింది బియ్యం. పొయ్యి, కట్టెలు, వండే చెయ్యి ఇంటివే. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న ఈ గుడివాడలోనే మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్ ఇస్తున్నది వండిన తిండి, పూటకు 5 రూపాయలకు. నలభై ఏళ్లలో సర్కారు సాయం సంచిలోంచి పళ్లెంలోకి వచ్చింది. మనిషికి బరువవుతున్నది గింజ కాదు, వంట అని ప్రభుత్వాలకు కూడా అర్థమైందనే నేననుకుంటాను. అయిదు రూపాయలకే భోజనం దొరుకుతుంటే ఇంట్లో వండడం దండగ కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ అయిదు అసలు ధర కాదు, మిగతాది ప్రభుత్వమూ దాతలూ భరిస్తున్నారు. హమాలీకి, ఆటో నడిపేవాడికి, పల్లె నుంచి ఆస్పత్రికి వచ్చిన మనిషికి అది న్యాయమైన ఆసరా. ఒకసారి మూతపడి తెరుచుకున్న తలుపు మీద జీతగాడు తన నెల బడ్జెట్ కట్టుకోలేడు, కట్టుకోకూడదు కూడా.

అసలు చిల్లు కర్రీ పాయింట్ దగ్గర లేదు, అన్నంతో సహా అంతా తెప్పించుకునే పార్సిల్ దగ్గర ఉంది. అప్పుడు ఇంట్లో చవగ్గా ఉన్న అన్నానికి కూడా హోటల్ అద్దె, కరెంటు, 5 శాతం జీఎస్టీ, ప్యాకింగ్, తెచ్చిచ్చిన మనిషి ఛార్జీ కట్టినట్టు. ఇంటి వంటతో పోలిస్తే ఒక పార్సిల్ పూటకు కుటుంబానికి 300 రూపాయలు అదనంగా పడుతుందనుకుందాం. వారానికి మూడు పూటలైతే ఏడాదికి 46,800. ఇదంతా మిగుల్చుకోవచ్చని చెప్పడం అబద్ధం. అలిసిన మనిషి ఎంత ఒట్టు పెట్టుకున్నా కొన్ని రాత్రులు ఫోన్ తీస్తాడు. సగమే మిగిలిందనుకుందాం, నెలకు 1,950. దాన్ని పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో 6.7 శాతం వడ్డీకి వేస్తే అయిదేళ్లకు సుమారు 1 లక్షా 39 వేలు. ఒట్ల మీద కాక, అలవాటు మీద నడిచే పొదుపుకు ఇది చిన్న మొత్తం కాదు.

ఆ సగమైనా మిగలాలంటే పని ఆ గంటకు ముందే అయిపోయి ఉండాలి. ఈ కిటుకు మన వంటింటికి కొత్తదేం కాదు. ఆవకాయంటే ఎండాకాలంలో పడ్డ కష్టాన్ని ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా తీసుకు తినడం. కందిపొడి, వడియాలు, చల్లమిరపకాయలు, దివిసీమ ఇళ్లలో ఎండుచేపలు అన్నీ ఆ కోవలోవే. (ఎండుచేపలు వేయించిన రోజు పొరుగింటితో మాట పడితే అది వేరే ఖర్చు.) కొన్నిచోట్ల పనిని కొనుక్కోవడమే నయం. వరి కోశాక మాగాణి నిండా మినుము పండే నేల మనది, అయినా పప్పు నానబోసి రుబ్బి పులియబెట్టే ఓపిక పని రోజుల్లో ఉండదు. ఆ పిండి ప్యాకెట్ కొంటే తప్పేమీ లేదు, ఎనిమిదింటికి పెనం పెట్టడమే మిగులుతుంది. చేపలు కొన్నచోటే పొలుసు తీయించి ముక్కలు కోయించుకోవడం కూడా అంతే. ఎక్కువ కష్టమున్న చోట కొద్ది డబ్బుతో తెగిపోయే బేరాలివి. ఇంకో పని కూడా చెయ్యాలి, ఇదే కష్టం. పప్పు, వేపుడు, పచ్చడి, చారు, పెరుగు అన్నీ ఉంటేనే భోజనమన్న పట్టింపును పని రోజుల్లో వదిలెయ్యాలి. దోసకాయ పప్పు ఒక్కటే, లేదా గుడ్డు పొరటూ చారూ. విస్తరి నిండా వడ్డించుకోవడం ఆదివారం సంగతి. ఆ ఆదివారం బిర్యానీని, బందరు లడ్డూని ఈ లెక్కలోకి లాగొద్దు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇంట్లో వండుకోండి అన్న ప్రతి సలహా చివరికి ఆడవాళ్ల నెత్తినే పడుతుంది. 2019 కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. మగవాళ్లలో ఆ పని ముట్టుకునేవాళ్లే నూటికి 26 మంది, వాళ్లు పెట్టేది 97 నిమిషాలు. అంటే భర్త మిగిల్చానని చెప్పుకునే 300 రూపాయలు చాలా ఇళ్లలో భార్య విశ్రాంతి నుంచి కోసినవే. ఈ అభ్యంతరానికి నా దగ్గర ఎదురుమాట లేదు, ఒప్పుకోలే ఉంది. అందుకే వంటకాల సంఖ్య తగ్గించమంటున్నాను, కూర ప్యాకెట్‌ను తప్పుపట్టొద్దంటున్నాను. బెజవాడ నుంచి సాయంత్రం రైల్లో ఇద్దరూ అలిసి వచ్చే ఇంట్లో ఒక్కరే పొయ్యి దగ్గర నిలబడితే, పార్సిల్ మానేసి మిగిల్చిన డబ్బును పొదుపు అనడం నాకు నచ్చదు.

కాలానికీ విలువ ఉంది కదా, ఆ గంటలో ఇంకేదైనా సంపాదించుకోవచ్చు కదా అనేది రెండో మాట. కొందరి విషయంలో ఇది నిజమే. బందరు బజారులో కొట్టు నడిపేవాళ్లకు సాయంత్రమే బేరాల వేళ. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రంతా ఏరేటర్లు కనిపెట్టుకునేవాళ్లు గట్టు దిగితే నష్టం లక్షల్లో ఉంటుంది. వాళ్లకు బయటి నుంచి వచ్చే క్యారేజీ వ్యాపార ఖర్చు, కొనుక్కుని తీరాలి. నెల జీతం మీద బతికేవాళ్ల రాత్రి గంటను కొనేవాడెవడూ లేడు. పైగా ఆర్డర్ పెట్టి ఎదురుచూసే లోపల కుక్కర్ మూడు కూతలు వేస్తుంది.

నా ఖర్చుల పుస్తకంలో కర్రీ పాయింట్ ప్యాకెట్‌ను తిండి పద్దులో రాయను, కూలి పద్దులో రాస్తాను. దోసెల పిండి, చేపలు కోసినందుకు ఇచ్చిన డబ్బూ అందులోకే వెళతాయి. కిరాణాతో కలిపేస్తే దుబారాలా కనిపించేవి అక్కడ పనికి తగ్గ ధరలా కనిపిస్తాయి, ఏది ఎక్కువైందో కూడా తెలుస్తుంది. ఒక్క చిక్కుంది. బయట వండినవాళ్లకు ఇచ్చింది ఆ పద్దులో పైసలతో సహా ఉంటుంది. ఇంట్లో వండిన పూటల ఎదురుగా మాత్రం ఏ అంకె వెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.